పెద్దక్షరాల కాగితాలు

"నేనడిగింది నలభై కాపీలు. నలభయ్యీ ఒక్కలాగే ఉండాలి కదండీ?"

టీచర్ కాగితాల కట్టను కౌంటర్ మీద పడేసింది.

జిరాక్స్ షాపాయన కట్ట విప్పలేదు. అందులో ఏముందో ఆయనకు తెలుసు.

ముప్పై కాపీలు ఆమె ఇచ్చినట్టే ఉన్నాయి. మిగతా పదీ వేరు. అక్షరాలు రెట్టింపు సైజులో ఉన్నాయి. ఒక్క పేజీలో ఇరుక్కున్న ఆరు ప్రశ్నలూ రెండేసి చొప్పున మూడు కాగితాల మీద తీరిగ్గా కూర్చున్నాయి.

"ఇది మూడోసారి. మెషీన్ పాడైందా?"

"మెషీన్ బానే ఉందండీ. నేనే అలా తీశాను." ఆయన గొంతు తగ్గించాడు. "అక్షరాలు మరీ చీమల బారులా ఉన్నాయి. పిల్లలందరి కళ్ళకీ ఆనతాయంటారా?"

"నాలుగో తరగతికి పాఠం చెప్పేది నేనా, మీరా?"

"మీరేనండీ."

"అయితే మీ పని మీరు చూసుకోండి."

ఆమె విసవిసా మెట్లు దిగింది.

ఆ ఊరొచ్చి ఆమెకు నాలుగు నెలలు. అద్దెగదిలో పలకరించే దిక్కు లేదు. బడి వదిలాక ఆమెను "ఇవాళ లేటయిందేంటండీ" అని అడిగేది ఆయనొక్కడే. మర్నాటి నుంచి అదీ లేకుండా పోయింది. బస్టాండు దగ్గర ఇంకో షాపు చూసుకుంది.

అక్కడ నలభై అడిగితే నలభయ్యీ ఒక్కలాగే వచ్చేవి.

రెండు నెలలు గడిచాయి. ముగ్గురు పిల్లలు వారం వారం పరీక్షకి జవాబుల్లేని కాగితాలే ఇస్తున్నారు. ఒకడు రెండు లైన్లు రాసి లేచి కిటికీ దగ్గరికి పోతాడు. ఇంకొకడు జవాబుకు బదులు ప్రశ్ననే మళ్ళీ రాస్తాడు. మూడోది ఆడపిల్ల. లైను కింద స్కేలు పెట్టుకుని, గంటసేపు అదే లైను చూస్తూ కూర్చుంటుంది.

టీచర్ కోప్పడింది. ఇంటికి కబురు పంపింది. బతిమాలింది కూడా.

చివరికి ఒకరోజు ఆ పిల్ల పక్కనే బెంచీ మీద కూర్చుంది.

"ఏమ్మా, ఒక్క ముక్కా రాయవేం?"

"ఆ కాగితం ఇవ్వట్లేదుగా టీచర్."

"ఏ కాగితం?"

"పెద్దక్షరాలది. ఇందులో అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తాయి టీచర్. అందులోవి అల్లరి చెయ్యవు."



టీచర్ స్టాఫ్ రూముకు వెళ్ళి పాత కట్టలన్నీ తీసింది. ఆర్నెల్లలో ఆ ముగ్గురూ నిండుగా రాసినవి మూడే మూడు పరీక్షలు. ఆ పదేసి కాపీలూ పారేయడమెందుకని వెనక బెంచీలకు పంచిన రోజులవి. తన పాఠం ఎట్టకేలకు బుర్రకెక్కిందని అప్పుడు తెగ మురిసిపోయింది కూడా.

పిల్లలందరూ ఒకేలా నేర్చుకోరని ట్రైనింగులో ఆమె నాలుగు పేజీల జవాబు రాసింది. క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు దానికే వచ్చాయి.

ఆ జిరాక్స్ షాపాయన కచ్చితంగా టీచరే అయ్యుంటాడనుకుంది. ఎప్పుడో రిటైరైన మంచి టీచర్. చేతులు పట్టుకుని క్షమించమని అడగాలి. వారానికొకసారైనా మా క్లాసుకు రండి అని పిలవాలి.

దారంతా ఆ మాటలే కూడబలుక్కుంటూ వెళ్ళింది.

షట్టర్ మూసి ఉంది.

పక్క కొట్లో టైలర్ కుట్టుమిషన్ తొక్కుతున్నాడు.

"ఈ షాపాయన ఇవాళ రాలేదాండీ?"

"ఆయన పోయాడమ్మా. పదిహేను రోజులైంది. పొద్దున్నే షట్టర్ ఎత్తబోయి అక్కడే కూలబడ్డాడు. నా అన్నవాళ్ళెవరూ లేరు పాపం. ఈ వీధిలో వాళ్ళమే నలుగురం కలిసి సాగనంపాం."

ఆమె షట్టర్ వైపు తిరిగింది.

"ఆయన... ఇంతకుముందు ఏ బడిలో పనిచేసేవారు?"

టైలర్ కాళ్ళు ఆగిపోయాయి.

"బడిలోనా? ఆయనకి చదువే రాదమ్మా! అంకెలు తెలుసు, మెషీన్ మీటలు తెలుసు, అంతే. కాగితం తిరగేసి పెట్టానేమో చూడవయ్యా అని రోజుకి పదిసార్లు నన్ను పిలిచేవాడు. ఈ మధ్యే పిలవడం మానేశాడు."

"మరి సాయంత్రాలు నేనొచ్చేసరికి ఒక్కరే కూర్చునుండేవారు కదా, ఏం చేసేవారు?"

"ఏమోనమ్మా. మెషీన్ ఆపేసి, వీధికి వీపు పెట్టి కూర్చునేవాడు. టీకి పిలిచినా పలికేవాడు కాదు. అవునూ, మీరు టీచరేగా? షాపు ఖాళీ చేస్తుంటే బడి కాగితాలేవో దొరికాయి. పారెయ్యబుద్ధి కాలేదు. మీవేనేమో చూసుకోండి."

గుడ్డపేలికతో కట్టిన కట్ట తెచ్చి చేతిలో పెట్టాడు.

ఆమె మెట్ల మీద కూర్చుని ముడి విప్పింది.

అన్నీ ఆమె తయారుచేసిన పరీక్ష కాగితాలే. మొదటి నెల నుంచీ రకానికొకటి. అన్నీ పెద్దక్షరాలవే. పైవాటిలో పెన్సిల్‌తో రాసిన వంకర అక్షరాలు, చెరిపి చెరిపి చిరిగిన చోట్లు. కిందికి వెళ్ళేకొద్దీ పదాలు, తర్వాత అరకొర వాక్యాలు.

ఆమె రావడం మానేశాక కొత్త కాగితం లేదు గనుక ఆయన చివరిదాన్నే మళ్ళీ మళ్ళీ కాపీ తీసి ఇరవైసార్లు రాశాడు, ఆ ఇరవై కాగితాల మీదా తన పేరు కింద కుదురైన అక్షరాలతో 'నాలుగో తరగతి' అని ఉంది.