పెరట్లో సమాధి

"ఆ సమాధి ఎవరిది?" అని అడిగాడు అధికారి.

రైతు అప్పుడే ఇల్లు చేరాడు. నెల్లాళ్లు సైన్యానికి కందకాలు తవ్వి, ఆ సైనికుల వెంటే నడిచి వచ్చాడు. ఇంకా కాళ్లైనా కడుక్కోలేదు. వాళ్లు తనను వదిలిపెట్టి తమ దారిన పోతారనుకున్నాడు గానీ, తిన్నగా పెరట్లోకి వస్తారనుకోలేదు.

"మా అమ్మదండీ," అన్నాడు.

వెనక అరుగు మీద కూర్చుని గోనెసంచికి అతుకు వేస్తున్న ముసలమ్మ తలెత్తింది. సైనికులు వస్తే ఆమె లోపలి గదిలోకి పోయి కూర్చోవాలని ఇంట్లో అనుకున్న మాట. ఈసారి అంత వ్యవధి దొరకలేదు.

"మరి ఈవిడ?"

"మా పిన్నమ్మండీ. అమ్మ పోయాక మాతోనే ఉంటోంది."

"అవును నాయనా," అంది ముసలమ్మ సూదిలోకి దారం ఎక్కిస్తూ. "మా అక్కలాంటి మనిషి మళ్లీ పుట్టదు. ఇలాంటి కోడలితో ఎలా వేగిందో ఏమో."

గుమ్మంలో నిలబడ్డ కోడలు ఎదురు మాట అనలేదు. కాపరానికి వచ్చాక అదే మొదటిసారి.

"ఈ ఊళ్లో ఏ పెరట్లో చూసినా కొత్త సమాధే," అన్నాడు అధికారి. "ముసలాళ్లంతా కూడబలుక్కుని పోయారా? పోయిన వారం మావాళ్లు మీ పక్కింటి తాతను తవ్విస్తే బస్తాలు బయటపడ్డాయి."

"ఆయన మొదటినుంచీ దాచుకునే మనిషేలే," అంది ముసలమ్మ.

పక్కింటివాళ్లను ఏం చేశారో అడిగే ధైర్యం రైతుకు లేకపోయింది. రాజుగారి సైన్యం రాజుగారి పేరు చెప్పి ఎడ్లను తోలుకుపోయింది. రాజుగారు పారిపోయాక ప్రజల సైన్యం వచ్చి ప్రజల పేరు చెప్పి ధాన్యం పట్టుకుపోతోంది. గింజ దాచినవాడు ప్రజాద్రోహి, వాణ్ణి గోడకు నిలబెట్టి కాల్చేస్తారు. రైతు కూడా ప్రజల్లో ఒకడేనా అన్న సంగతి ఇంకా ఎవరూ తేల్చలేదు.

ఆ దిబ్బ కింద ఉన్నది విత్తనాల బాన. "ఈ ఏడు విత్తేది లేదు. మనం చల్లితే, గెలిచినవాడు వచ్చి కోసుకుపోతాడు. ఈ గొడవ సద్దుమణిగాక చూద్దాం," అని భార్యతో పోట్లాడి మరీ తన చేత్తోనే పాతిపెట్టాడు. అది బయటపడితే తన ప్రాణం పోతుంది. ఆ తర్వాత ఇంట్లోవాళ్లకు పొలం ఉన్నా లేనట్టే.

"తవ్వు," అన్నాడు అధికారి. "నీకు అలవాటేగా."

రైతు పార అందుకున్నాడు. కందకాల దగ్గర చూపించిన చురుకు ఇక్కడ చూపించలేదు. పార ఎప్పుడు బానకు తగులుతుందా అని ఒళ్లంతా చెవులు చేసుకుని తవ్వాడు. మధ్యలో ఒకసారి భార్య వంక చూశాడు. ఆమె మబ్బుల వంక చూస్తోంది. భయంతో మతి పోయిందనుకున్నాడు.

గొయ్యి మోకాలి లోతయింది. బాన మూత తగలాల్సింది అక్కడే. తగల్లేదు. నడుం లోతయింది. అప్పటికీ తగల్లేదు. ఇప్పుడు ఎవరూ అదిలించకుండానే గబగబా తవ్వుతున్నాడు.

"ఇక చాలు," అన్నాడు అధికారి.

రైతు ఆపలేదు.

"చాలన్నానా. ఏదీ మీ అమ్మ?"

"ఇక్కడే పెట్టానయ్యా," అన్నాడు రైతు. ఆ గొంతులో ఏడుపు నిజమైనదే.

ముసలమ్మ సూదిని సంచికి గుచ్చి పక్కన పెట్టింది.

"వాణ్ణేమీ అనకు నాయనా. వాడి అమ్మను నేనే. నాకోసమే తవ్వాడు."

"బతికుండగానే గొయ్యి తవ్వించుకున్నావా?"

"మొన్న వాళ్లొచ్చారు, ఇవాళ మీరొచ్చారు. ఏదో ఒకనాడు వీణ్ణి తీసుకుపోయి తిరిగి పంపరు. అప్పుడు నేను పోతే తవ్వే దిక్కెవరు? అందుకని, ఇంటిపట్టున ఉన్నప్పుడే తవ్విపెట్టమన్నాను. ఎవరైనా పడతారని మట్టి వదులుగా కప్పి ఉంచాడు."

"మరి నిన్ను పిన్నమ్మ అన్నాడే."

"తల్లి బతికుండగా గొయ్యి తవ్వానని మీతో ఏ ముఖం పెట్టుకుని చెబుతాడు? సిగ్గుపడ్డాడు. సమాధి అమ్మదన్నాడు, అదైతే నిజమేగా."

అధికారి గోతి వంక చూశాడు. ఆయనకూ ఎక్కడో అమ్మ ఉండే ఉంటుంది. టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఇంకొంచెం పొడుగ్గా తవ్వాల్సింది," అని సలహా ఇచ్చాడు. తర్వాత సైనికులను వరసలో నిలబెట్టి, ఇంటి వెనక పొలానికి అడ్డంపడి పక్క ఊరివైపు నడిపించాడు.

రైతు గోతిలోనే కూలబడ్డాడు. తల్లి చెప్పింది అబద్ధమేనని తెలుసు. అయినా అందులో ఒక్క ముక్క కూడా అబద్ధంలా వినపడలేదు. ఆమె మాత్రం మళ్లీ సంచి అందుకుంది.

బూట్ల చప్పుడు కాస్త దూరమయ్యాక అతను పైకి ఎక్కి భార్య దగ్గరికి వచ్చాడు.

"బాన లేదు. ఎవడో తవ్వుకుపోయాడు. ప్రాణాలు దక్కాయి గానీ విత్తనాలు పోయాయి. ఇక ఏం తిని బతుకుతాం?"

"ఎవడూ తవ్వుకుపోలేదు," అంది ఆమె, బారులు తీరి పొలంలో నడుస్తున్న బూట్ల వంక చూస్తూ. "మొన్న మంచి వాన పడితే నిన్న చల్లేశాను. మట్టి కప్పడానికి ఎడ్లు లేవే అని దిగులుపడుతున్నాను, వాళ్లే తొక్కిపెడుతున్నారు."