బూడిదలోయ బొమ్మలు

"చుక్కలు పెట్టుకోకుండా నాకు చెయ్యాడదు" అంది ఆదెమ్మ, బండ మీద జింకకి కాళ్ళు రావలసిన చోట నాలుగు చుక్కలు పెడుతూ.

"అది ముగ్గు కాదు వదినా! మూడువేల ఏళ్ళ కిందటి బొమ్మ!" నెత్తి కొట్టుకున్నాడు జయరావు.

"అప్పట్లో ఆడవాళ్ళు లేరా? ముగ్గులెయ్యలేదా?"

ప్రతి క్రిస్మస్‌కీ వాకిట్లో నక్షత్రం ముగ్గు వేసే చెయ్యి అది. దానికి ఎదురు చెప్పి గెలిచినవాడు ఆ ఇంట్లో లేడు.

జయరావు మిషన్ హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. ఈ గొడవంతా అతని చలవే. పత్తిచేలు, మిరపకళ్ళాలు దాటి రెండు మైళ్ళు నడిస్తే వచ్చే బూడిదలోయలో వాన పడితే పేపర్లో వెయ్యాలి. ఇసుక, బండలు, బ్రహ్మజెముడు. అయినా ఊళ్ళో ఎక్కడా బతకని మంచి నల్లేరు అక్కడ బండలకి అల్లుకుని పెరుగుతుంది. ఆ నల్లేరుతోనే ఆదెమ్మ ఇరవై ఏళ్ళుగా చుట్టుపక్కల ఊళ్ళలో విరిగిన ప్రతి చేతికీ, కాలికీ కట్టు కట్టింది. ఇప్పుడా లోయని కంకర క్వారీకి ఇచ్చేశారు. సోమవారం నుంచి బండలు పేలుస్తారట.

ఆదెమ్మ రెండు రోజులు అన్నం తినలేదు. అది చూడలేక జయరావు, "ఇక్కడ ఆదిమానవుల బొమ్మలున్నాయి, పేలుడు ఆపండి" అని గుంటూరు పురావస్తు శాఖకి ఉత్తరం రాసి పడేశాడు. శుక్రవారం వచ్చి చూస్తామని జవాబొచ్చింది. అప్పుడు గాని అక్కడ బొమ్మలు లేవన్న సంగతి అతనికి తట్టలేదు.

"తూర్పు బండలు నావి, పడమటివి నీవి. ఒకరివి ఒకరం చూడొద్దు. చూస్తే అన్నీ ఒక్క చేత్తో వేసినట్టుంటాయి" అని పని పంచాడు జయరావు.

జాజు అనే ఎర్రమట్టిలో తుమ్మజిగురు కలిపారు. ఆదెమ్మకి ఆ ఎరుపు ఆనలేదు. కొంగు ముడి విప్పి గుప్పెడు కొత్త కారం అందులో పోసింది.

"కారం ఎందుకు వదినా?"

"ఎరుపంటే మరేది?"

గుంటూరు జిల్లాలో పుట్టినవాడు కాబట్టి జయరావు కారాన్ని కూడా కలియబెట్టాడు.

శుక్రవారం జీపు దిగిన ఆఫీసరు గౌస్ బాషా బక్కపలచటి మనిషి. మెడలో కెమెరా, మొహంలో నవ్వన్నది లేదు. ముందు జయరావు గీసిన ఎద్దు బొమ్మ దగ్గర ఆగాడు.

"మెడలో ఇవేమిటి మాస్టారూ?"

"మువ్వలండీ."

"ముక్కుతాడు కూడా ఉంది."

"బాగా పొడిచే రకం అయ్యుంటుందండీ."

ఆఫీసరు ఆదెమ్మ జింక దగ్గరికొచ్చాడు.

"ఈ చుక్కలేమిటమ్మా?"

"పూర్వం వాళ్ళు ఏదైనా పద్ధతిగా చేసేవాళ్ళండీ."

ఆయన జింక పొట్ట మీద వేలు రాసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఒక తుమ్ము. రెండో తుమ్ముకి కళ్ళజోడు ఎగిరిపోయింది. మూడో తుమ్ముకి ఆయనే వెనక్కి ఎగిరి, లోయ చివరున్న బ్రహ్మజెముడు పొదలో పడ్డాడు.

"అయ్యో! చంపేశాం!" అంది ఆదెమ్మ.

చాలాసేపటికి పొద లోపల కెమెరా ఒకసారి మెరిసింది. మళ్ళీ మెరిసింది. ఆ తర్వాత గౌస్ బాషా పాక్కుంటూ బయటికొచ్చాడు. చొక్కా పీలికలైంది. కుడి మణికట్టు వాచింది.

"పాపం, నొప్పి" అని ఆదెమ్మ గబగబా నల్లేరు దంచి కట్టు కట్టింది.

"ఆ పొద వెనక బండ మీద దున్నపోతు బొమ్మ ఉంది. ఎవరు వేశారు?" అన్నాడాయన.

వదినా మరుదులు ఒకరి మొహం ఒకరు చూసుకుని తలలు దించుకున్నారు.

"మా ముత్తాతల ముత్తాతలండీ" అంది ఆదెమ్మ నేల చూపులు చూస్తూ.

"మరి ఆ ఎద్దూ, జింకా?"

"వాళ్ళేనండీ."

"మూడువేల ఏళ్ళ కిందట మన దేశంలో మిరపకాయే లేదమ్మా."

ఆదెమ్మ నోరు తెరిచింది. దొరికిపోయినందుకు కాదు. "లేదా? మరి ఏం తిని బతికారండీ?"

గౌస్ బాషా మొదటిసారి నవ్వాడు. ఎడంచేత్తో కష్టపడి కాగితం మీద నాలుగు ముక్కలు గీకి జయరావు చేతికిచ్చాడు. "క్వారీవాళ్ళకి చూపించండి. ఇక ఇక్కడ రాయి కదలదు. ఆ రెండు బొమ్మలూ మాత్రం తడిగుడ్డ పెట్టి తుడిచెయ్యండి. నా పరువు కోసం."

జీపు దుమ్ము అణగక ముందే జయరావు జాజు బక్కెట్టు నెత్తిన పెట్టుకుని గంతులేశాడు. ఆదెమ్మ నవ్వలేక బండ మీద కూలబడి, కొంగుతో కళ్ళు తుడుచుకోబోయి, కొంగున మిగిలిన కారం తగిలి, ఏడుస్తూ నవ్వింది.

"అంతా నీ కట్టు మహిమ వదినా! జాలిపడి దొంగ కాగితం రాసిచ్చాడు!"

"బంగారం లాంటి మనిషి. సాయంత్రం ప్రార్థనలో ఆయన పేరు కూడా చెప్పాలి."

ఇద్దరూ జింకని తుడవడం మొదలుపెట్టారు. నాలుగో చుక్క దగ్గర ఆదెమ్మకి మళ్ళీ నవ్వొచ్చింది.

"ఏమాటకామాటే అబ్బాయ్, ఆ దున్నపోతు ఒక్కదాన్నీ ఆయన నమ్మినట్టే ఉన్నాడు. అంత ముళ్ళపొదలోకి ఎట్లా దూరావసలు?"

జయరావు చేతిలో తడిగుడ్డ ఆగిపోయింది.

"అది నువ్వేసింది కాదా, వదినా?"