కరుణాకర్ ఉన్న గది

"మంచం వద్దు బిడ్డా, నేను కిందనే పండుకుంట," అంటూ కొమురవ్వ గచ్చు మీద కొంగు పరుచుకుంది.

బెల్లంపల్లి నుంచి అండమాన్ దాకా వచ్చి, ఫ్యాను కూడా సరిగా తిరగని ఆ చవక లాడ్జిలో కొడుకు ఉన్న గదే కావాలని పట్టుబట్టింది ముసలమ్మ. తాపీ పనికొచ్చిన కరుణాకర్ సముద్రంలో కొట్టుకుపోయాడని, శవం కోసం వెతకడం కూడా ఆపేశారని కోడలు తిరుమలకు ఒక్కదానికే తెలుసు. అత్తకు చెప్పడానికి నోరు రాలేదు.

"పక్క దీవికి పోయిండత్తా. పొద్దుగాల పడవల వస్తడు."

కొమురవ్వ ఊ కొట్టి గోడవైపు తిరిగింది.

తెల్లవారగానే సంచి చంకనేసుకుంది. "నడువు, పోదాం."

"పడవ ఇంకా రాలే కదత్తా?"

కొమురవ్వ అప్పటికే గడప దాటింది. లాడ్జి నడిపే శ్రీకాకుళం ఆవిడ ఎదురొచ్చి, "వెళ్ళి రండమ్మా," అంది.

"పోయొస్తం" అనబోయిన తిరుమల నోటికి అత్త చెయ్యి అడ్డం పడింది.

"అట్లనద్దు బిడ్డా. బండెక్కిననాడే నీ మొకం జూసి నాకెర్కైంది. రాత్రి నేను జేసింది సావైనకాడ జేసే సావు నిద్ర, అది చేసిన కాడ పోయొస్తమని చెప్పరు."

ఇద్దరూ చెప్పకుండానే మెట్లు దిగారు.