నీళ్లవైపు బోర్లించిన పలక

చీకటి పడ్డాక సారలమ్మ, ఆమె బావ ఎల్లన్న గోదావరి మీద పడవ తెరచాప దించారు.

“మంచి సోలార్ పలకే కొంటివి! పగలంతా తెరచాప నీడలనే పాయె,” అని ఎల్లన్న ఎగతాళి చేశాడు.

ఆమె నవ్వి, మంచుకు తడవకుండా పలకను నీళ్లవైపు బోర్లించి పడవ అంచుకు కట్టింది. ఎండ తగిలితేనే వెలిగే పచ్చదీపం బ్యాటరీ మీద వెలిగింది.

ఎల్లన్న నవ్వు ఆగిపోయింది. ఆ నీళ్ల కిందే పాత బొగ్గుబాయి. అందులోకి డ్యూటీకి దిగిన ఆమె పెనిమిటి శవం కూడా దొరకలేదు.

“పలక తియ్యి సారలమ్మా, జల్ది!”

ఆమె తియ్యలేదు. దీపం ఆరి వెలిగింది. మళ్లీ ఆరి వెలిగింది. ఇంకోసారి.

బాయిలో మూడుసార్లు గంట కొడితే మనుషులు పైకి వస్తున్నట్టని పెనిమిటి చెప్పేవాడు.

సారలమ్మ పక్కకు జరిగి, పడవలో జాగా చేసింది.