బాలింత బువ్వ

చీకటి పడ్డాక డోర్నకల్ స్టేషన్‌లో డ్యూటీ దిగి ఇంటికొచ్చిన రజితకు గేటు దగ్గరే ఎల్లిగడ్డ కారం వాసన కొట్టింది. ఒళ్లు మండిపోయింది.

వారం కిందటే ఆమె తన పిచ్చర్ ప్లాంట్‌ను కొత్త కుండీలోకి మార్చింది. కూజాల్లాంటి తిత్తులతో పురుగుల్ని మింగే మొక్క అది. వేళ్లు కుదురుకునేదాకా ఏమీ పెట్టొద్దని, తేమ ఆరకుండా కప్పిన కవర్ విప్పొద్దని అత్త కొంరమ్మకు వందసార్లు చెప్పింది. ఇప్పుడు వరండాలో ఆ కవర్ విప్పి ఉంది. తిత్తుల నిండా, బాలింతకు పెట్టినట్టు, కారం కలిపిన వేడి అన్నం.

రజిత లోపలికి దూసుకెళ్లింది. "మల్ల బువ్వ పెట్టినవా అత్తమ్మా? మురిగి సచ్చిపోతది! చెప్తే ఇనవేంది?"

మంచం మీంచి కొంరమ్మ అంతకంటే గట్టిగా అందుకుంది. "నాకేం పట్టింది? 'చెట్టుకు ఆకలైతంది, ఇంకింత పెట్టు' అని పొద్దటి సంది వరండల కూసొని నా పానం తీసింది నువ్వే గద!"

పొద్దటి నుంచి స్టేషన్‌లో ఉన్నదాని మీద ఇదేం నింద! రజిత నోరు తెరిచింది.

మాట బయటికి రాకముందే, వరండాలోంచి అచ్చం ఆమె గొంతే, అంతే కోపంగా వినబడింది.

"నేనిప్పుడే వచ్చిన అత్తమ్మా!"