అడుగు బిగించిన ముంత

ఇసోకిచి పడవకు చిన్న చిల్లు కూడా లేదు. అయినా పడవ నిండా నీళ్లున్నాయి, ఆ నీళ్లలో అతని శవం ఉంది. సముద్రంలో పోయినవాళ్లే పొట్టన పెట్టుకున్నారని ఊరంతా అంది. తెల్లవారితే కేసు మూసేస్తారు. ఇన్‌స్పెక్టర్ చిజురు మాత్రం ఒప్పుకోలేదు. ఆ రాత్రే అదే పడవెక్కి అతను పోయిన చోటికి బయలుదేరింది. తోడొస్తానని తనంతట తనే వచ్చిన ఇసోకిచి తమ్ముడు కాంజీ వెనక కూర్చుని తెడ్డు వేస్తున్నాడు.

"చచ్చినవాళ్లకి బేడీలేస్తారా, ఇన్‌స్పెక్టరమ్మా?" అని నవ్వాడు.

"ముందు దొరకనీ."

ఆమె ఒళ్లో ఆ పడవలోని చెక్క ముంత ఉంది. ఆ రేవులో ప్రతి పడవలోనూ అడుగు తీసేసిన ముంత ఒకటి ఉంచుతారు. సముద్రంలో పోయినవాళ్లు నీళ్లలోంచి చెయ్యి చాచి ముంత అడిగితే అదే ఇవ్వాలి. మంచి ముంత ఇస్తే దాంతోనే నీళ్లు పోసి పడవను ముంచేస్తారు. ఈ ముంతకు ఎవరో కొత్తగా అడుగు బిగించారు. మేకులకు ఇంకా తుప్పు పట్టలేదు.

పొగమంచు కమ్మింది. తెడ్డు చప్పుడొక్కటే వినిపిస్తోంది. పడవ పక్కనే నీళ్లలోంచి తెల్లటి చెయ్యి లేచింది.

"ముంత ఇవ్వు."

చిజురు ముంతను గుండెకు అదుముకుంది.

"ఇవ్వను. దీనికి అడుగు బిగించిందెవరో ముందు చెప్పు."

ఆ చెయ్యి మెల్లగా తిరిగి, ఆమె భుజం మీదుగా వెనక్కి చూపించింది.

తెడ్డు చప్పుడు ఆగిపోయింది.

చిజురు వెనక్కి తిరగలేదు.

"ఎందుకాపావు, కాంజీ?" అంది.