శాంపిల్ రక్తం

"ఏ రకం కావాలి పెద్దాయనా? బడికా, ల్యాబుకా?"

నరసరావుపేటలో మైక్రోస్కోపులు అమ్మే పాండురంగారావు, వచ్చినాయన రబ్బరు చెప్పులు చూసి చవకదాని మీద చెయ్యి వేశాడు.

"మా ఊరి ఆసుపత్రికి ఇద్దామని. రక్తం చూసేది కావాలి."

"అయితే వెలుతురుకు కింద అద్దం ఉన్నది పనికిరాదు. ఇదిగో, లైటుది. రెండు కళ్లతో చూడొచ్చు. కన్ను ఆనించే ఇది ఐపీసు, కింద ఇవి లెన్సులు. ఈ స్టేజి మీద స్లైడు పెట్టి, పక్కన మర తిప్పితే బొమ్మ తేటపడుద్ది."

మాట నమ్మని గిరాకీకి సరుకే జవాబు చెప్పాలన్నది పాండురంగారావు పద్ధతి. అందుకే పొద్దున్నే తన వేలు గుచ్చుకుని, చుక్క రక్తం స్లైడు మీద పరిచి, రంగు వేసి సిద్ధంగా ఉంచుతాడు.

ఆ స్లైడే పెట్టాడు.

పెద్దాయన చానాసేపు తల ఎత్తలేదు. స్లైడు జరిపాడు. మళ్లీ చూశాడు.

"ఎవరి రక్తం ఇది?"

"నాదే. ఏం, బొమ్మ బాగాలేదా?"

"బొమ్మ బాగుంది. రక్తమే బాగాలేదు శెట్టిగారూ. తెల్లకణాలు కుప్పలుగా ఉన్నాయి. పెద్దాసుపత్రిలో చూపించుకోండి."

పాండురంగారావు పెద్దగా నవ్వాడు.

"సరుక్కి వంక పెట్టేవాళ్లను చూశా. అమ్మేవాడి రక్తానికి వంక పెట్టింది నువ్వే! సరే, వెయ్యి తగ్గిస్తా."

"ధర సంగతి కాదండీ..."

"ఇంక పైసా తగ్గదు."

స్లైడు లాగి స్పిరిటు గుడ్డతో తుడిచేశాడు.

పెద్దాయన మొదట చెప్పిన ధరంతా బల్ల మీద పెట్టాడు.

"ఆ వెయ్యి ఉంచుకోండి. టెస్టుకు పనికొస్తాయి."

"బిల్లు ఎవరి పేరున?"

"బాలశౌరి."

భోజనాల దగ్గర పాండురంగారావు భార్యతో అన్నాడు.

"వంక పెట్టినోడు నిండు ధర ఇచ్చి పోవడం ఏందే? లెక్క కుదరట్లా."

"ఓసారి చూపించుకోరాదూ?" అంది కనకలక్ష్మి.

"నాకేం, గుండ్రాయిలా ఉన్నా. బళ్లు తెరిచే సీజను పోనీ."

బళ్ల సీజను పోయింది. కాలేజీలది వచ్చింది. అదీ పోయింది. మరుసటి ఎండాకాలం జ్వరం పట్టుకుంది. ఎడమ డొక్కలో గడ్డ చేతికి తగిలింది.

గుంటూరులో రక్తజబ్బులు చూసే డాక్టరు నిఖిత రిపోర్టు చదివి పక్కన పెట్టింది.

"బ్లడ్ క్యాన్సరండీ. ముదిరిపోయింది. ఏడాది ముందే వచ్చి ఉంటే మాత్రలతో అదుపులో ఉండేది."

పాండురంగారావు రిపోర్టు తన వైపు లాక్కున్నాడు.

"అప్పుడే ఒక డాక్టరు చెప్పాడమ్మా. నేనే బేరమాడుతున్నాడనుకున్నా."

"ఏ డాక్టరు?"

"బాలశౌరి అని... వాళ్ల ఊరి ఆసుపత్రికని మైక్రోస్కోపు కొన్నాడు."

నిఖిత కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఆయన డాక్టరు కాదండీ, మిరప రైతు, ఇదే జబ్బుతో మీలాగే ఆలస్యంగా నా దగ్గరికొచ్చి, పోయిన నెల్లో చనిపోయేదాకా, వచ్చినప్పుడల్లా తన రక్తం తానే మైక్రోస్కోపులో చూసుకుంటానని మా ల్యాబులో కూర్చునేవాడు."